పాత పేపర్లు, గుడ్ల ట్రేలతో కొలువు బొమ్మలు: కాలనీలో వర్క్‌షాప్ పెట్టేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

ఇంట్లో పడేసే సామానుతో కాలనీవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఏదైనా చేయిద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళు ప్రతి సంక్రాంతికీ దసరాకీ ముందు తప్పకుండా ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే నయం అనిపించింది. ఇది పాత పేపర్లు, గుడ్ల ట్రేలు, వాటర్ బాటిళ్ళు, చిరిగిన పంచెలతో బొమ్మల కొలువుకి హరిదాసు బొమ్మ చేసే పద్ధతి. 20 మంది కూర్చునే వర్క్‌షాప్‌ని లెక్కలోకి తీసుకుని రాశాను. మీ దగ్గర పది మందే ఉంటే అన్నీ సగం చేసుకోండి.

ముందే ఒక మాట. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. కాగితం ఎండాలి. ఇలాంటి వర్క్‌షాపులు చాలావరకు చెడేది ఇక్కడే. పొద్దున అచ్చు కట్టించి సాయంత్రానికి రంగులు వేయించేసి ఫొటోలు దిగుతారు, నాలుగో రోజుకి ప్రతి ఇంట్లోనూ బొమ్మ బూజు పట్టి కూర్చుంటుంది. రెండు వరుస ఆదివారాలు ఇవ్వగలిగితేనే పెట్టుకోండి.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

ఒకే బొమ్మ పెట్టుకోండి. "ఎవరికి నచ్చింది వాళ్ళు చెయ్యండి" అంటే వినడానికి బాగుంటుంది గానీ, 20 మంది 20 రకాలు మొదలుపెడితే నేర్పేవాళ్ళు ఒక్క టేబుల్ దగ్గరే ఇరుక్కుపోతారు. అందరిదీ హరిదాసే అయినా ఒకరి బొమ్మలా ఇంకొకరిది రాదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

తేదీ. సంక్రాంతి కొలువుకైతే డిసెంబర్ రెండో, మూడో ఆదివారాలు సరిపోతాయి, భోగికి బొమ్మ సిద్ధంగా ఉంటుంది. దసరా కొలువు పెట్టేవాళ్ళకు వానల బెడద ఉంటుంది కాబట్టి రెండు ఆదివారాల మధ్య ఇంకో వారం ఖాళీ వదలండి.

సమయం. ఒక్కో ఆదివారం మూడు గంటలు. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలుపెడితే భోజనాల వేళకు వదిలేయొచ్చు. మూడు గంటలు దాటితే పిల్లలు కూర్చోరు, నిజానికి పెద్దవాళ్ళే ముందు లేస్తారు.

మనుషులు. ఐదుగురికి ఒక టేబుల్. టేబుల్‌కి ఒకరు ముందే ఒక బొమ్మ చేసి చూసినవాళ్ళు ఉండాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలైతే పక్కన ఇంటివాళ్ళు ఒకరు కూర్చోవాల్సిందే.

## 2. సామాను సేకరణ

"ఇంట్లో పనికిరానివి తీసుకురండి" అని గ్రూపులో మెసేజ్ పెట్టారో, కమ్యూనిటీ హాల్ పాత సామాన్ల షాపు అయిపోతుంది. పగిలిన బకెట్లు, విరిగిన రిమోట్లు, వైర్లు తెగిన హెడ్‌ఫోన్లు అన్నీ వచ్చి పడతాయి, తర్వాత వాటిని వదిలించుకునే పని మీ నెత్తిన పడుతుంది. పేరు పెట్టి, లెక్క పెట్టి అడగండి. ఇదిగో ఇలా:

*"అందరికీ నమస్కారం. వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్ళు తలా ఒక అరలీటరు వాటర్ బాటిల్ (మూతతో సహా), ఒక గుడ్ల ట్రే, పది రోజుల పాత పేపర్లు, చిరిగిన కాటన్ పంచె ముక్క ఒకటి శుక్రవారం సాయంత్రంలోగా వాచ్‌మెన్ గది దగ్గర పెట్టిన అట్టపెట్టెలో వేయగలరు. బాటిల్ కడిగి ఆరబెట్టి ఇవ్వండి. ఇవి తప్ప వేరేవి వద్దు."*

ఆ చివరి వాక్యం తీసేయకండి. కాస్త కటువుగా అనిపించినా అదే మిమ్మల్ని కాపాడేది.

కావాల్సినవి (20 బొమ్మలకి)

- పాత న్యూస్ పేపర్లు: 4 కిలోలు
- 30 గుడ్లు పట్టే కాగితపు ట్రేలు: 20. ప్లాస్టిక్ ట్రేలు కావు. ఇళ్ళలో దొరక్కపోతే గుడ్ల షాపులో అడగండి.
- అరలీటరు వాటర్ బాటిళ్ళు: 20, నాలుగైదు ఎక్కువుంటే మంచిది
- పాత కాటన్ పంచెలు, చీరలు: ఐదారు
- ఐస్‌క్రీమ్ పుల్లలు, అయిపోయిన పెన్నుల గొట్టాలు, షాంపూ సీసాల మూతలు
- పురికొస, చీరల పాత జరీ అంచులు
- టేబుళ్ళ మీద పరవడానికి పాత ఫ్లెక్సీలు. వీటికి మన ఊళ్ళలో కరువు లేదు, పుట్టినరోజు శుభాకాంక్షలన్నీ తిరగేసి పరిచేయండి.

వద్దనాల్సినవి

- ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు. వాటిలో పాదరసం ఉంటుంది, పగిలితే ప్రమాదం.
- బ్యాటరీలు, మందుల సీసాలు, సూదులు, బ్లేడ్లు
- పగిలిన గాజులు, అద్దం ముక్కలు. బొమ్మ నగలకి బాగుంటాయని ఎవరో ఒకరు తెస్తారు. పిల్లలున్న చోట వద్దు.
- థర్మాకోల్. కోస్తే పూసలు హాలంతా ఎగురుతాయి, కాలిస్తే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు.
- మెరిసే మ్యాగజైన్ కాగితం. దానిమీద పూత ఉంటుంది కాబట్టి సరిగా నానదు, గుజ్జులో పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది.

## 3. కొనాల్సినవి

ఈ జాబితా చిన్నదిగా ఉండాలి. మెరుపుల పొడి, ఫోమ్ షీట్లు, రెడీమేడ్ కళ్ళు, ప్లాస్టిక్ పూసలు అంటూ రెండు వేలు పోసి కొని, వాటిని పాత బాటిల్ మీద అంటించి దాన్ని రీసైక్లింగ్ అనడం నాకైతే ఒప్పదు. పైగా మెరుపులు చల్లిన బాటిల్‌ని పాత సామాన్లవాడు కూడా తీసుకోడు.

- మైదా: 1 కిలో
- మెంతులు: పావుకిలో
- ఫెవికాల్: అరకిలో డబ్బా
- సుద్దపొడి: 2 కిలోలు (ఇంట్లో వాటర్ ప్రైమర్ మిగిలి ఉంటే ఇది అక్కర్లేదు)
- ఉప్పుకాగితం: 80 నంబరు, 150 నంబరు, ఐదేసి షీట్లు
- యాక్రిలిక్ రంగులు: తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం. మిగతావి కలుపుకోవచ్చు.
- బ్రష్షులు: ఇళ్ళలో ఉన్నవి ముందు పోగు చేసి, తక్కువైతేనే కొనండి

పెయింటింగ్ వేయించినప్పుడు మిగిలిన ఎమల్షన్ డబ్బాలు ఇళ్ళలో ఉంటాయి. నీళ్ళతో పలచన చేసుకునే రకమైతే తెల్ల పూతకి అది భేషుగ్గా పనికొస్తుంది. తలుపులకీ గ్రిల్స్‌కీ వేసే పాత ఎనామెల్ మాత్రం ముట్టుకోవద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. అంతకు ముందు నుంచీ అటక మీద ఉన్న డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు. పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు, రిస్కు తీసుకోకండి.

## 4. శనివారం చేయాల్సినవి: గుజ్జు, జిగురు

పని అంతా ఇక్కడే ఉంది. శనివారం సరిగా చేస్తే ఆదివారం హాయిగా గడిచిపోతుంది.

గుజ్జు

1. శుక్రవారం రాత్రి గుడ్ల ట్రేలన్నీ చిన్న ముక్కలుగా చింపి బకెట్‌లో వేడినీళ్ళు పోసి మూత పెట్టండి. న్యూస్ పేపర్‌తో కూడా గుజ్జు చేయొచ్చు గానీ, ట్రే అంటేనే ఒకసారి గుజ్జు చేసి ఎండబెట్టిన కాగితం, అందుకే తొందరగా కరుగుతుంది. పేపర్లను పొరలకి దాచుకోండి.
2. మెంతులు విడిగా నానబెట్టండి. ట్రేలు కిలోంబావు దాకా తూగుతాయి, దానికి 125 గ్రాములు చాలు. మిగతావి తర్వాత పగుళ్ళు పూడ్చే గుజ్జుకి పనికొస్తాయి.
3. శనివారం పొద్దున నీళ్ళు వంపేసి, ముక్కల్ని గుప్పెడేసి మిక్సీలో వేసి, మునిగేటన్ని నీళ్ళు పోసి, ఆపి ఆపి తిప్పండి. నీళ్ళు తగ్గించి ఒకేసారి తిప్పితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. వంట మిక్సీ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు, వాళ్ళ తప్పు కూడా లేదు, కాబట్టి మూలన పడ్డ పాత మిక్సీ ఎవరింట్లో ఉందో ముందే కనుక్కోండి. రోలు ఉంటే మరీ మంచిది.
4. పాత కాటన్ గుడ్డలో పోసి పిండండి. ఎముకలు విరిచినట్టు పిండక్కర్లేదు, చేత్తో నొక్కితే ఒకటి రెండు చుక్కలు కారాలి.
5. నానిన మెంతుల్ని మెత్తగా రుబ్బి గుజ్జులో కలిపి, చపాతీ పిండిలా బాగా పిసకండి.

మెంతులు ఎందుకంటారేమో. రుబ్బితే జిగురొస్తుంది, చేదుకి పురుగు దరి చేరదు. చేటలకీ వెదురు బుట్టలకీ మన అమ్మమ్మలు కాగితపు గుజ్జు మెత్తినప్పుడు మెంతులు వేసింది ఇందుకే. హాలంతా రెండు రోజులు మెంతుల వాసనొస్తుంది, అది మాత్రం భరించాలి.

మైదా జిగురు

1. గ్లాసు మైదాకి గ్లాసు చల్లటి నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలపండి.
2. ఇంకో గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించండి. నాలుగు వేపరెమ్మలు వేసి మరిగిస్తే తొందరగా పాడవదు. వేపాకు తీసేశాక మైదా నీళ్ళు సన్నగా పోస్తూ కలుపుతూ ఉండండి.
3. తెల్లదనం పోయి అద్దంలా తేలేదాకా మూడు నాలుగు నిమిషాలు సన్న సెగ మీద ఉడికించండి. ఉడకని మైదా అంటుకోదు, అతుకులు ఊడిపోవడానికి సగం కారణం ఇదే.
4. చెంచా ఉప్పు వేసి దింపి చల్లార్చండి. పైన తెట్టు కడితే తీసేయండి.

బైండింగ్ చేసేవాళ్ళు ఈ జిగురులో మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టదు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే జిగురులో వద్దే వద్దు. మైదా జిగురు బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. పుల్లటి వాసన వస్తే పారేసి మళ్ళీ కాచుకోండి.

శనివారం రాత్రికి చూసుకోవాల్సిన చెక్‌లిస్ట్

- గుజ్జు ముద్దలు తడి గుడ్డలో చుట్టి, మూతపెట్టి ఉన్నాయా
- జిగురు నాలుగు డబ్బాల్లో సర్దారా
- బాటిళ్ళన్నీ లోపల పొడిగా ఉన్నాయా
- బాటిళ్ళలో పోయడానికి పొడి ఇసుక ఒక బకెట్ ఉందా
- చేతులు కడగడానికి బకెట్లు, తుడుచుకోవడానికి గుడ్డలు ఉన్నాయా
- ప్రతి టేబుల్‌కీ పేర్లు రాసుకునే మార్కర్ ఉందా

## 5. మొదటి ఆదివారం: అచ్చు కట్టడం

ఫ్లెక్సీలు పరవండి. సామాను అంతా ఒకేచోట కుప్ప పోయకుండా, టేబుల్‌కి ఏం కావాలో అవి మాత్రమే ఇవ్వండి. రంగులు ఈరోజు హాల్లోకి తీసుకురాకండి, కనిపిస్తే పిల్లలు ఆగరు.

బాటిల్ సిద్ధం చేయడం (15 నిమిషాలు). మూడో వంతు దాకా పొడి ఇసుక పోసి మూత గట్టిగా బిగించండి. బొమ్మ నిలబడటానికి ఈ బరువు కావాలి, లేకపోతే తలమీద పాత్ర పెట్టగానే ముందుకు పడిపోతుంది. అడుగున మార్కర్‌తో పేరు, ఫ్లాట్ నంబరు రాయండి. తర్వాత 80 నంబరు ఉప్పుకాగితంతో బాటిల్ అంతా గరుకుగా అయ్యేట్టు రుద్దాలి. నున్నటి ప్లాస్టిక్ మీద జిగురు ఎండాక పెచ్చులా లేచిపోతుంది. ఈ రుద్దుడు అందరూ ఎగ్గొడదామని చూస్తారు, దగ్గరుండి చేయించండి.

తల (15 నిమిషాలు). ఒక పేపర్‌ని గట్టిగా ఉండ చుట్టి, మూత మీద బోర్లించి, ఇంకో పేపర్ ముక్కతో మెడ దాకా కప్పి, పురికొసతో బిగించి కట్టండి. ఉండ నిమ్మకాయకంటే కాస్త పెద్దదిగా ఉంటే చాలు. పొరలు పడ్డాక తల ఎలాగూ లావవుతుంది.

చేతులు (10 నిమిషాలు). పేపర్‌ని చిటికెన వేలు మందాన గొట్టంలా చుట్టి, బాటిల్ వెనక నుంచి రెండు వైపులకీ తెచ్చి కట్టండి. కుడి చేయి మోచేతి దగ్గర మడవాలి, అందులో చిడతలు పెడతాం. ఎడమ చేయి భుజం వైపు పైకి వంచాలి, అక్కడ తంబుర.

పేపర్ పొరలు (50 నిమిషాలు). రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు చింపండి. కత్తిరించకండి. చింపిన అంచు పలచగా ఉండి కింద పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు రంగు వేశాక కూడా గీతలా కనబడుతుంది. న్యూస్ పేపర్‌ని పైనుంచి కిందికి చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. పట్టీని జిగురులో ముంచి, రెండు వేళ్ళ మధ్య లాగి ఎక్కువైంది తీసేసి అంటించండి. జిగురు ఓడుతున్న పట్టీ అంటిస్తే ఎండటానికి రెండింతలు పడుతుంది.

మూడు పొరలు వేయాలి. ఎన్నో పొరలో ఉన్నామో, ఎక్కడ వేశామో గుర్తుండదు కాబట్టి మొదటి పొర తెలుగు పేపర్‌తో, రెండోది ఇంగ్లీషు పేపర్‌తో, మూడోది మళ్ళీ తెలుగు పేపర్‌తో వేయించండి. రెండో పొరలో ఎక్కడైనా తెలుగు అక్షరాలు కనబడుతున్నాయంటే అక్కడ వదిలేసినట్టే. మెడ, చేతులు అతికిన చోట్ల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఎక్కువ వేయండి. విరిగితే అక్కడే విరుగుతుంది.

అక్షయపాత్ర (20 నిమిషాలు). హరిదాసుకి అందం అంతా నెత్తిమీద గుమ్మడికాయలా ఉండే ఆ పాత్రలోనే ఉంది, తొందరపడకండి. పేపర్ ఉండ చుట్టి పైన కింద కాస్త నొక్కి, జిగురు పట్టీలు రెండు పొరలు వేయండి. తడిగా ఉండగానే పురికొసను పైనుంచి కిందికి బిగించి చుట్టి, కొంచెం తిప్పి మళ్ళీ పైనుంచి కిందికి, అలా నాలుగు చుట్లు చుడితే ఎనిమిది గాళ్ళు పడతాయి. పురికొసను అలాగే ఉంచేసి ఎండబెట్టండి. ఎండాక తీస్తే గాళ్ళు నిలిచిపోతాయి. దీన్ని ఈరోజు తలమీద అతికించకూడదు, విడిగానే ఎండాలి.

గుజ్జు (30 నిమిషాలు). ముఖానికి, తలపాగాకి మాత్రమే గుజ్జు వాడండి. ఒళ్ళంతా పులిమితే పగులుతుంది, ఎందుకంటే గుజ్జు ఎండుతూ ముడుచుకుంటుంది, లోపల బాటిల్ ముడుచుకోదు. ముక్కు చిన్న ముద్ద, చెంపలు రెండు, గడ్డం ఒకటి పెట్టి, తడి చెంచా వెనకతో నున్నగా చేయండి. మందం ఎక్కడా అర సెంటీమీటరు దాటకూడదు. గుజ్జు అంటుకోకుండా జారుతుంటే కింద ఒక చెయ్యి మైదా జిగురు రాసి పెట్టండి.

పంచె (20 నిమిషాలు). చూసినవాళ్ళంతా ఎలా చేశారని అడిగేది దీన్నే. జానెడు కాటన్ పంచె ముక్కని, సగం సగం కలిపిన ఫెవికాల్ నీళ్ళలో ముంచి పిండి, నడుము చుట్టూ తిప్పి, ముందు కుచ్చిళ్ళు వేళ్ళతో పెట్టండి. ఎండేసరికి అట్టలా గట్టిపడి మడతలు అలాగే ఉండిపోతాయి. సిల్కు, పాలిస్టర్ జిగురు పీల్చవు, కాటనే కావాలి. కుచ్చిళ్ళు నేలకి తగలకుండా ఒక గోరంత పైకి ఉంచండి, లేకపోతే కింది అట్టకి అతుక్కుపోతుంది. అరగంటకోసారి వేలితో మడతలు సరిచేస్తూ ఉండాలి.

## 6. ఎండబెట్టడం

ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఈ నాలుగు ముక్కలు చెప్పి పంపండి, వీలైతే గ్రూపులోనూ పెట్టండి.

1. మొదటి రోజు నీడలో, ఫ్యాన్ కింద. తడి బొమ్మని నేరుగా ఎండలో పెడితే పైన ముందు ఎండి లోపల తడి ఉండిపోతుంది, పగుళ్ళు వచ్చేది అప్పుడే.
2. రెండో రోజు నుంచి ఎండలో. కింద గాలి ఆడాలి కాబట్టి బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద పెట్టండి. మూడు నాలుగు గంటలకోసారి వైపు తిప్పాలి.
3. చలికాలంలో సాయంత్రం ఐదింటికల్లా లోపల పెట్టేయండి. పగలంతా ఎండింది రాత్రి మంచుకి మళ్ళీ మెత్తబడుతుంది.
4. ఎండిందా లేదా అన్నది చేత్తో తెలియదు. బొమ్మని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

డిసెంబర్ ఎండకి మూడు నాలుగు రోజులు పడుతుంది. ముసురు పట్టిందా, వారం కూడా పట్టొచ్చు. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకేచోట వేడి కొట్టకండి, లోపల బాటిల్ సొట్టపోతుంది. ఓవెన్ ఊసే వద్దు.

## 7. రెండో ఆదివారం: రుద్దడం, పూత, రంగులు

రుద్దడం. 150 నంబరు ఉప్పుకాగితంతో, హాల్ బయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయండి. ముఖం మీద గట్టిగా రుద్దితే ముక్కు ఊడి చేతికొస్తుంది, మెల్లగా. తర్వాత పొడిబట్టతో దుమ్ము తుడవాలి, తడిబట్ట వద్దు.

పాత్ర అతికించడం. పాత్రకి చుట్టిన పురికొస విప్పేసి, ఫెవికాల్ రాసి తలపాగా మీద పెట్టి, చుట్టూ సన్నటి గుజ్జు తాడు చేసి నొక్కండి. ఆరేదాకా ఒక పట్టీతో గడ్డం కిందనుంచి కట్టి ఉంచితే పక్కకి జరగదు. రంగులు ముందు కింది భాగం నుంచి మొదలుపెడితే ఈలోపు ఇది పట్టుకుంటుంది.

తెల్ల పూత. రెండు పాళ్ళు సుద్దపొడి, ఒక పాలు ఫెవికాల్, బ్రష్ నడిచేటన్ని నీళ్ళు. రెండు చేతులు వేయండి, మధ్యలో అరగంట ఆరనివ్వండి. ఈ పూత వేయకుండా నేరుగా రంగేస్తే కింద పేపర్ అక్షరాలు కనబడుతూనే ఉంటాయి, రంగు కూడా రెండింతలు తాగుతుంది. ఎమల్షన్ ఉన్నవాళ్ళకి ఒక్క చెయ్యి చాలు.

రంగులు. లేతవి ముందు, ముదురువి తర్వాత, కళ్ళు అన్నిటికంటే ఆఖరున. ఒంటి రంగుకి ఎరుపు, పసుపు, తెలుపులో చుక్క నలుపు కలపండి. తలా ఒకరు కలిపితే ఒక్కో టేబుల్‌కి ఒక్కో రంగొచ్చి గోల అవుతుంది కాబట్టి టేబుల్‌కి ఒక గిన్నె కలిపి ఇవ్వండి. పంచె పసుపో కాషాయమో, పాత్రకి పసుపులో చిటికెడు ఎరుపు కలిపితే ఇత్తడి ఛాయ వస్తుంది. వంటింటి పసుపు నీళ్ళలో కలిపి వేద్దామంటారు కొందరు, వేసినరోజు బంగారంలా ఉంటుంది గానీ ఎండ తగిలితే నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది.

కళ్ళు రెండూ ఒక ఎత్తులో రావాలంటే ముందు పెన్సిల్‌తో ముఖం మీద అడ్డంగా సన్నటి గీత గీయండి. తెల్లటి బాదం ఆకారాలు వేసి ఆరనిచ్చి, అగ్గిపుల్ల వెనక కొసని నల్ల రంగులో ముంచి ఒక్క చుక్క పెట్టండి. బ్రష్‌తో గుడ్లు గుండ్రంగా దిద్దుదామని కూర్చుంటే కన్ను పెద్దదవుతూ పోతుంది. నామం, మీసం దీని తర్వాత.

చేతిలో సరంజామా. ఐస్‌క్రీమ్ పుల్ల రెండుగా విరిస్తే చిడతలు. పెన్ను గొట్టం కొసకి షాంపూ మూత అతికిస్తే తంబుర. జరీ అంచు ముక్క మెడలో ఉత్తరీయం.

మెరుపు పూత. యాక్రిలిక్ రంగులైతే పలచటి ఫెవికాల్ నీళ్ళు ఒక చెయ్యి వేయొచ్చు. పిల్లల పోస్టర్ కలర్లు వాడితే మాత్రం బ్రష్ తగలగానే రంగు కరిగి కళ్ళు చెంపల మీదికి కారతాయి, ఈ పూత వేయకుండా వదిలేయండి.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారులు

పగిలింది. సన్న పగులైతే ఫెవికాల్‌లో సుద్దపొడి కలిపి పూడ్చండి. వేలు దూరే పగులైతే గుజ్జుని ఇంకాస్త మెత్తగా రుబ్బి, ముందు పగులు లోపల జిగురు రాసి నింపండి. ఒక రోజు నీడలో ఆరాలి.

బూజు వచ్చింది. పైపైన తెల్లటి నూగులా ఉంటే పొడిబట్టతో తుడిచి రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి, తర్వాత పూత వేయండి. నల్ల మచ్చలు పడి వాసన వస్తుంటే ఆ పొర ఒలిచేయాలి. బూజు మీద రంగేసి కప్పెట్టడం కుదరదు, మళ్ళీ పైకి వస్తుంది.

ఒరిగిపోతోంది. ఇసుక తక్కువ, లేదా తల పెద్దది. మూత ఇప్పుడు కప్పేసి ఉంటుంది కాబట్టి లోపల పోయలేరు. అట్టపెట్టె ముక్క రెండు మూడు పొరలు అతికించి, బాటిల్ కంటే రెండు వేళ్ళు వెడల్పుగా పీట చేసి దానిమీద నిలబెట్టండి.

పొర పెచ్చులా లేచింది. బాటిల్ రుద్దలేదన్నమాట. లేచిన చోట బ్లేడుతో పెద్దవాళ్ళెవరైనా చీరి, లోపల ఫెవికాల్ పోసి, గుడ్డతో బిగించి కట్టి రాత్రంతా ఉంచితే సరిపోతుంది.

చేయి ఊడింది. అగ్గిపుల్ల ఒకటి ఎముకలా లోపల గుచ్చి, ఫెవికాల్ రాసి అతికించి, పైన పట్టీలు రెండు పొరలు.

పిల్లలు విసుక్కుంటున్నారు. పొరలు వేసే 50 నిమిషాల్లో ఇది ఖాయం. వాళ్ళకి అక్షయపాత్రకి పురికొస చుట్టే పని ఇచ్చేయండి, పొరలు పెద్దవాళ్ళు కానిస్తారు.

## 9. చేయి తిరిగినవాళ్ళకి: కొబ్బరి చిప్ప ముఖాలు

తొందరగా ముగించేసి ఖాళీగా కూర్చునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళకోసం నాలుగు కొబ్బరి చిప్పలు దగ్గర పెట్టుకోండి. సిద్దిపేట జిల్లా చేర్యాల కళాకారులు చేసే ముఖాలకి కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దే వాడతారు. కొండపల్లి బొమ్మల్లో అతుకులు పూడ్చే మక్కు కూడా ఈ రెండిటితోనే.

పీచు పూర్తిగా గీకేసి, లోపల కొబ్బరి లేకుండా ఎండిన చిప్ప కావాలి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి ఉడికించాలి. ఇంత ఓపిక లేకపోతే మైదా జిగురులో పొట్టు కలిపినా నడుస్తుంది, గట్టిదనం కొంచెం తక్కువ. ముక్కు, కనుబొమలు, పెదాలు ఆ ముద్దతో పెట్టి, ఎండాక సుద్ద పూత, రంగులు. అందరికీ పెట్టాల్సిన పని మాత్రం కాదు, చిప్ప రుద్దేసరికే చేతులు పడిపోతాయి.

## 10. సర్దుకోవడం

- గుజ్జు నీళ్ళు సింకులో, బాత్‌రూమ్‌లో పోయకండి. పైపు మూసుకుపోతే ప్లంబర్ ఖర్చు అసోసియేషన్ మీద పడుతుంది, వచ్చే ఏడు మీకు హాల్ ఇవ్వరు. గుడ్డలో వడకట్టి, నీళ్ళు మాత్రమే పోయండి.
- మిగిలిన గుజ్జుని బిళ్ళలుగా తట్టి ఎండబెడితే ఎంతకాలమైనా ఉంటుంది. మళ్ళీ నానబెట్టి వాడుకోవచ్చు.
- తడవని పేపర్లు, మిగిలిన బాటిళ్ళు పొడి చెత్తలోకో పాత సామాన్లవాడికో ఇచ్చేయండి. జిగురు, రంగు అంటిన కాగితాన్ని వాటితో కలపకండి, మొత్తం కుప్ప ఎందుకూ పనికిరాకుండా పోతుంది.
- ఫ్లెక్సీలు తుడిచి చుట్టి పెట్టండి, వచ్చే ఏడాదికి ఉంటాయి.

## 11. కొలువు తీసేశాక

బొమ్మని ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టొద్దు. లోపల చెమ్మ పట్టి రంగు కవర్‌కి అంటుకుంటుంది. పాత కాటన్ గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో నాలుగు ఎండు వేపాకు రెమ్మలు వేసి, నిలబెట్టి సర్దండి. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి అరపూట ఎండ చూపించండి. అక్షయపాత్ర ఎక్కడైనా వదులైతే అప్పుడే రెండు చుక్కల ఫెవికాల్ వేసి బిగించుకోవచ్చు.